తలిదండ్రుల భూమిని బిడ్డల పేర వ్రాయుటకు ముందు

సామలు, చోళ్లు ఇల్లు చేరి, కందికోత ముగిసి, చింతపండు దులుపుటకు ఇంకను కొంత వ్యవధి యున్న దినములలో మన కొండగ్రామములందు ఇంటింట పుట్టు ప్రశ్న యొకటి కలదు. తండ్రికి ఏండ్లు మీఱినవి. కొడుకులు పెండ్లిండ్లు చేసికొని వేరు పొయ్యిలు పెట్టుకొనిరి. భూమి మాత్రము తండ్రి పేరనే యున్నది. దానిని ఇప్పుడే బిడ్డల పేర వ్రాసి యిచ్చుట మేలా, తండ్రి తదనంతరమునకు విడుచుట మేలా? పంట అప్పు కొఱకు సంఘమునకు వచ్చు సభ్యులు తఱచుగా అడుగు ప్రశ్న ఇదియే కావున దీనిని గూర్చి కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మా యభిప్రాయమును మొదటనే చెప్పుదుము. ఏజన్సీ రైతు బ్రతికి యుండగా తన భూమిని దానపత్రముచే బిడ్డలకు వదలుకొనుట చాల సందర్భములలో అనవసరము, కొన్ని సందర్భములలో అపాయకరము, మఱికొన్నిట అసలు చెల్లదు. దున్నుకొనుటకు చెక్కలు పంచి యిచ్చుట వేరు, హక్కు వదలుకొనుట వేరు. మొదటిది తండ్రి నోటిమాటతో జరుగును. మనసు మారిన యెడల మరల సర్దుకొనవచ్చును. రెండవది కాగితము మీద జరుగును. ఒకసారి రిజిస్ట్రారు ముద్ర పడిన పిమ్మట దానిని వెనుకకు త్రిప్పుట దుర్లభము.

ఇట్లనుటకు కారణము మన భూముల స్వభావములోనే యున్నది. డొంకరాయి యనగానే బయటివారికి సీలేటి మీది జలాశయమును, దాని యొద్ద 25 మెగావాట్ల విద్యుత్కేంద్రమును, ఆ నీరు దిగువకు పోయి పొల్లూరు కడ త్రిప్పు 460 మెగావాట్ల యంత్రములును జ్ఞప్తికి వచ్చును. ఆ జలాశయమునకు ఇరువైపుల కొండవాలులలో కొండరెడ్లు, కోయలు, వాల్మీకులు, కొండకమ్మరులు సాగుచేయు భూమికి ఎట్టి కాగితము కలదో బయటివారికి తెలియదు. అది వారి తప్పు కాదు. మనలోనే పలువురకు తెలియకుండుట విచారకరము. పాసుపుస్తకము గుడ్డలో చుట్టి దూలము మీద పెట్టి, అందులో ఎవరి పేరున్నదో ఏండ్ల తరబడి విప్పి చూడని యిండ్లు పెక్కు కలవు.

రంప దేశమున పూర్వము ముఠాదారులు గ్రామముల మీద పెత్తనము చేయుచు శిస్తు వసూలుచేసి సర్కారునకు కట్టుచుండిరి. రైతునకు తన పేర పట్టా యనునది లేదు. 1969వ సంవత్సరపు 2వ రెగ్యులేషను వలన ముఠాలు రద్దయి రైత్వారీ పద్ధతి వచ్చెను. 1970వ సంవత్సరపు 2వ రెగ్యులేషను వలన ఏజన్సీలో తక్కిన భూములకును రైత్వారీ సెటిల్మెంటు చేయుటకు వీలు కలిగెను. అనగా మన కొండలలో పట్టా వయసు రెండు మూడు తరములే. తాత పేర వచ్చిన పట్టా నేటికిని తాత పేరనే యుండుటకు ముఖ్యకారణ మిదియే. తాత గతించెను, తండ్రి ముసలివాడయ్యెను, మనుమడు దున్నుచున్నాడు. ఖాతా మాత్రము కదలలేదు.

పట్టాభూమి యొక తరగతి. భూమిలేని వారికి సర్కారు ఇచ్చిన డి-పట్టా భూమి రెండవ తరగతి. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము క్రింద పోడు భూమికి లభించిన హక్కుపత్రము మూడవ తరగతి. ఈ మూడింటికిని మూడు వేఱు ధర్మములు కలవు. ఎద్దు, మేక, కోడి మూడును ఒక పాకలోనే కట్టివేయబడినను వాని మేత వేరైనట్లే యని తలంపవలెను.

అన్నిటికంటె పైన నిలిచియున్న కట్టడిని మొదట చెప్పుదుము. ఏజన్సీ భూములు కొండవారి చేతినుండి జాఱిపోకుండ 1917లోనే మదరాసు ప్రభుత్వమువారు ఒక చట్టము చేసిరి. దాని స్థానమున 1959వ సంవత్సరపు 1వ రెగ్యులేషను వచ్చెను. దానిని 1970లో సవరించి మఱింత బిగించిరి. అందుచేతనే జనులు దానిని 1/70 చట్టమని పిలుతురు. ఆ సవరణ 1970 ఫిబ్రవరి 3వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. దాని సారాంశ మేమనగా, షెడ్యూల్డు ప్రాంతములోని స్థిరాస్తిని ఇచ్చువాడు గిరిజనుడైనను గిరిజనేతరుడైనను సరే, పుచ్చుకొనువాడు షెడ్యూల్డు తెగవాడు గాని, కేవలము షెడ్యూల్డు తెగలవారే సభ్యులుగాగల సహకార సంఘము గాని కానిచో ఆ యిచ్చుట చెల్లదు. ఈ ‘ఇచ్చుట’లో అమ్మకము, తాకట్టు, కౌలు, మార్పిడి మాత్రమే కాక దానముకూడ చేరియున్నది. వీలునామా మాత్రము చేరలేదు.

దీని ఫలితమును రైతులు చక్కగా గ్రహింపవలెను. గిరిజన తండ్రి తన గిరిజన కుమారునకో కుమార్తెకో పట్టాభూమిని దానము చేసినచో 1/70 అడ్డురాదు. పుచ్చుకొనువారు షెడ్యూల్డు తెగవారని ఒక ప్రకటన రిజిస్ట్రారు ఎదుట దాఖలు చేయవలెను. కులధ్రువపత్రము సిద్ధముగా నుంచుకొనవలెను. మఱి వర్తకము కొఱకో ప్రాజెక్టు పనుల కొఱకో వచ్చి స్థిరపడిన గిరిజనేతరుని మాట ఏమి? అతడు న్యాయముగా సంపాదించిన యిల్లైనను సరే, బ్రతికి యుండి తన సొంత కొడుకునకు దానపత్రము వ్రాయలేడు. వ్రాసినను అది చెల్లదు. ఆ యాస్తి అతని తదనంతరము వారసత్వముగా గాని వీలునామా వలన గాని సంక్రమింపవలసినదే. ఇది మిక్కిలి కఠినముగా తోచవచ్చును. గిరిజనేతరుల నడుమ జరుగు బదలాయింపులకుకూడ ఈ నిషేధము వర్తించుట న్యాయమేయని 1988లో సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పియున్నారు. గిరిజనేతరుల చేతులలోనే భూమి తిరుగుచుండిన యెడల అది కొండవారికి ఎన్నటికిని మరల రాదు గదా.

మన ఆడపిల్ల గిరిజనేతరుని పెండ్లాడినచో ఆమె తెగ మారదు; పుట్టుకతో వచ్చినది పెండ్లితో పోదు. కావున తండ్రి ఆమెకు భూమి ఇచ్చుటకు అడ్డు లేదు. అయితే పేరు ఆమెదియు, పైకము, సాగు, లాభము భర్తవియు అయినచో దానిని బేనామీ యందురు. అట్టిది చెల్లదని చట్టమే చెప్పుచున్నది. ఇల్లరికపు అల్లునికి వ్రాయదలచినప్పుడును అతని తెగ యేమో మొదట చూచుకొనవలెను.

ఇప్పుడు ఒక యింటి లెక్క చూతము. ఇది ఏ గ్రామములోని ఏ కుటుంబము కథయు కాదు. లెక్క తేటపడుటకు మేము కల్పించుకొన్నది. ఒక రైతునకు 65 ఏండ్లు. భార్య యున్నది. ఇద్దరు కొడుకులు, పొరుగూరిలో మెట్టిన కూతురు ఒకతె. సాగులో మొత్తము 6 ఎకరములు. అందులో 3 ఎకరములు పట్టా, వరిమడియు జీడిమామిడి తోటయు. 1 ఎకరము డి-పట్టా. 2 ఎకరములు అటవీహక్కుపత్రము గల కొండచెక్క. పెద్దకొడుకు తనకు అన్నము పెట్టుచున్నాడు గనుక 6 ఎకరములును అతనికే వ్రాసి నిశ్చింతగా నుండవలెనని ఆయన కోరిక.

పట్టా చూడగా అది ఆయన తండ్రి పేర నున్నది. ఆ పెద్దాయనకు ఇద్దరు కొడుకులు. రెండవవాడు, అనగా మన రైతు తమ్ముడు, సీలేటికి ఆవలి గట్టున కాపురమున్నాడు. అక్కచెల్లెండ్ర మాట ప్రస్తుతము ప్రక్కన పెట్టినను, ఆ 3 ఎకరములలో మన రైతు పాలు 1½ ఎకరమే. తమ్ముని పాలు తాను వ్రాయుటకు తనకేమి యధికారము? పైగా తన 1½ ఎకరమైనను తన ఖాతాలోనికి ఎక్కిన తరువాతనే కొడుకునకు వ్రాయగలడు. డి-పట్టా యెకరము మాట చూతము. 1977వ సంవత్సరపు 9వ చట్టము అట్టి భూములను అమ్ముటను, దానము చేయుటను నిషేధించెను. వారసత్వముగా బిడ్డలకు వచ్చుటకు మాత్రము అడ్డులేదు. 2023లో ఆ చట్టమునకు కొన్ని సడలింపులు చేర్చిరి. అవి తన పట్టాకు వర్తించునో లేదో తహశీల్దారు నుండి వ్రాతమూలముగా తెలిసికొనక ఎవ్వరును ముందునకు పోరాదు. ఇక కొండచెక్క 2 ఎకరములు. అటవీహక్కుల చట్టము 4వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది: ఈ హక్కు వారసత్వముగా వచ్చును గాని అమ్ముటకును, ఇతరులకు బదలాయించుటకును వీలులేదు. అంతే కాక, పెండ్లియైన వారికి ఆ హక్కుపత్రము భార్యాభర్తల యిద్దరి పేర ఉమ్మడిగా నీయబడును. కాబట్టి అది ఆయనది మాత్రమే కాదు, ఆమెదియు.

లెక్క తేలినది. 6 ఎకరములు వ్రాసెదనని వచ్చినవాడు నేడు నిక్కముగా దానపత్రము వ్రాయగల భూమి 1½ ఎకరము. అదియును తండ్రి ఖాతా తన పేరికి మార్పించుకొనిన పిమ్మట. ఇది తెలియక బజారులో కూర్చుండు వ్రాతకాని మాట నమ్మి ఏబది రూకల స్టాంపు కాగితము మీద ‘నా యావదాస్తి’ యని వ్రాయించుకొని, వ్రేలిముద్రలు వేసి, మేకను కోసి విందు చేసికొని, కొడుకు దానిని పెట్టెలో దాచుకొనును. ఆ కాగితము చెదలకు తప్ప మఱెవ్వరికిని పనికిరాదు. రిజిస్టరు కాని దానపత్రమునకు స్థిరాస్తి విషయమున విలువ లేదు. రిజిస్టరు చేయరాని భూమిని అందులో చేర్చినను విలువ లేదు.

అటవీహక్కుపత్రమును గూర్చి మఱియొక మాట. భర్త చనిపోగానే ఆ చెక్కను కొడుకు తన పేర మార్చుకొనవలెనని తొందరపడుట కలదు. భార్య బ్రతికి యున్నప్పుడు ఆమె పేరు పత్రములో ముందే యున్నది. కొడుకు కొత్తగా తెచ్చుకొనవలసినది తండ్రి పాలులోని వారసత్వమే గాని తల్లి పేరును కొట్టివేయు అధికారము కాదు. విధవరాలగు తల్లికి ఆ 2 ఎకరములు ఎవరి దయయు కాదు, హక్కు. దీనిని గ్రామసభలో పెద్దలు బిగ్గఱగా చదివి వినిపించుట మంచిది.

సరే, వ్రాయగల 1½ ఎకరమునైనను వ్రాయవలెనా? వ్రాయుటకు తగిన కారణములు లేకపోలేదు. కొడుకు పేర భూమి లేనిదే అతనికి సొంతముగ పంట అప్పు దొరకుట కష్టము. అన్నదమ్ముల నడుమ తగవు వచ్చుననిన భయ మున్నచోట తండ్రి యెదుటనే పంపకము తీరిపోవుట మంచిదని కొందఱు పెద్దల మతము. ఒక కొడుకు పట్టణమునకు పోయి ఉద్యోగము చేయుచు, రెండవవాడు భూమినే నమ్ముకొని యున్నచో తండ్రి తేడా చూపదలచుట సహజము. వీనిని మేము కొట్టివేయము. అయితే ఎదుటి ప్రక్కను చూడవలెను. నిన్నటి దాక ‘అయ్యా’ యని పిలిచిన కొడుకే భూమి తన పేర మారిన మఱునాటినుండి తండ్రి మాటకు బదులు చెప్పకుండుట మన యిండ్లలో కనివిని యెఱుగని సంగతి కాదు.

ఈ విషయమున 2007వ సంవత్సరపు తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము రైతులకు గొప్ప యాసరా. దాని 23వ సెక్షను ప్రకారము, 60 ఏండ్లు నిండినవారు, తమ కనీసావసరములు పుచ్చుకొనువాడు చూడవలెననెడి షరతుతో ఆస్తిని దానము చేసి, అతడు ఆ షరతు తప్పినచో, ఆ దానము మోసముచేత గాని బలవంతముచేత గాని జరిగినట్లు భావింపబడును. ఇచ్చినవారు కోరినచో ట్రిబ్యునలు దానిని రద్దుచేయ వచ్చును. ఆ ట్రిబ్యునలునకు అధ్యక్షుడు డివిజను అధికారి. మనకు రంపచోడవరమున సబ్-కలెక్టరు కచేరిలో విచారింపవలెను. దానముతో నిమిత్తము లేకయే, సంపాదన గల బిడ్డలు తలిదండ్రులకు పోషణభృతి ఈయవలెనని కూడ ఆ చట్టమే చెప్పుచున్నది. నెలకు 10,000 రూపాయల వఱకు ఆజ్ఞాపింప వచ్చును.

ఇందులో కీలకము ‘షరతు’ అను మాటయందున్నది. దీనికి రెండు తీర్పులు నిదర్శనము. 2022 డిసెంబరులో సుప్రీముకోర్టు ముందునకు వచ్చిన యొక వ్యవహారములో తల్లి బిడ్డలకు ఆస్తి వదలి పత్రము వ్రాసెను. తన్ను పోషింపవలెననెడి షరతు ఉన్నట్లు మాత్రము చూపలేకపోయెను. 23వ సెక్షను క్రింద ఆమెకు సాయము లభింపలేదు. 2025 జనవరి 2వ తేదీన చెప్పిన మఱియొక తీర్పులో మధ్యప్రదేశమునకు చెందిన తల్లి 2019లో కొడుకునకు దానపత్రము వ్రాసి, అదే దినమున కొడుకుచేత ‘నిన్ను చూచుకొందును, చూడనిచో దానమును రద్దుచేసికొనవచ్చును’ అని వేరుగా ప్రమాణపత్రము వ్రాయించుకొనెను. కొడుకు మాట తప్పెను. సుప్రీముకోర్టువారు దానము రద్దు చేసి ఆస్తిని తల్లి స్వాధీనము చేయుడని తీర్పు చెప్పిరి. ఇరువురును తల్లులే, ఇరువురును బిడ్డలనే నమ్మిరి. ఒకామె చేతిలో షరతు వ్రాసిన కాగితము కలదు, రెండవ యామె చేతిలో లేదు.

కావున దానపత్రము వ్రాయకతప్పని రైతు ఈ క్రింది భావము గల వాక్యమును దస్తావేజులోనే చేర్పింపవలెను: ‘ఈ భూమిని నీకు దానముగా నిచ్చుచున్నాను. నేనును, నా భార్యయగు నీ తల్లియు జీవించి యున్నంత కాలము మాకు తిండి, బట్ట, వైద్యము, నిలువ నీడ నీవే సమకూర్పవలెను. ఈ షరతు మీదనే యీ దానము జరిగినది. నీవు షరతు తప్పిన యెడల దీనిని రద్దు చేయించుకొను హక్కు మాకు గలదు.’ కొడుకు మంచివాడైనచో ఈ వాక్యము వలన అతనికి నష్టమేమియు లేదు. దీనికి అతడు చిన్నబుచ్చుకొనిన యెడల ఆ దినమున దస్తావేజు వ్రాయక యింటికి తిరిగివచ్చుటయే తండ్రికి క్షేమము.

తండ్రి పేర భూమి యుంచుకొనుచునే తన కోరిక తెలుపదలచినచో వీలునామా కలదు. దానిని ఎన్నిసార్లైనను మార్చుకొనవచ్చును; కడపటిదే చెల్లును; తండ్రి బ్రతికియున్నంత వఱకు భూమి మీద ఎవ్వరికిని దాని వలన హక్కు పుట్టదు. వ్రాత రానివాడు వ్రేలిముద్ర వేయవచ్చును. ఇద్దరు సాక్షులు ఆతని యెదుట సంతకములు చేయవలెను. లాభము పొందువాడు సాక్షిగా నుండకుండుట మేలు. రిజిస్టరు చేయుట విధి కాదు గాని చేయించిన యెడల రేపు తగవు తగ్గును. వీలునామా 1/70లో చేరలేదు కదా యని, లోలోపల రొక్కము పుచ్చుకొని బయటి వర్తకునకు వీలునామా వ్రాయు కపటోపాయము ఎవ్వరైన చెప్పినచో వినవలదు. అది అమ్మకమునకు వేసిన ముసుగు. విచారణలో నిలుచునని తలంపరాదు.

పైకము విషయములో ఒక సూక్ష్మము. తండ్రి భూమిని పంచి కొడుకుల పేర వ్రాసినచో ఒక్కొక్కరికి వేరుగా పీఎం కిసాన్ సొమ్ము సాలునకు 6,000 రూపాయలు వచ్చునని ఆశపడి తొందరగా దస్తావేజులు వ్రాయించినవారు కలరు. ఆ పథకపు నిబంధనలలో 2019 ఫిబ్రవరి 1వ తేదీని గడువుగా పెట్టి, ఆపైన 5 ఏండ్లలో జరిగిన హక్కు మార్పులను లెక్కలోనికి తీసికొనరాదనిరి. భూయజమాని మరణము వలన వారసత్వముగా వచ్చిన మార్పునకు మాత్రము మినహాయింపు నిచ్చిరి. అనగా దానమువలన కొడుకునకు రాలేదు. భూమి వదలుకొనినందున తండ్రికిని పోయెను. వారసత్వముచే వచ్చినవానికి మాత్రము ఆటంకము కలుగలేదు.

మా యుద్దేశములో మన గ్రామములందు అసలు కష్టము దానములోను లేదు, వీలునామాలోను లేదు. చనిపోయినవారి పేరు ఖాతాలో చనిపోకుండుటలో నున్నది. తండ్రి గతించిన పిమ్మట ఆ సంగతిని 90 దినములలోగా తహశీల్దారునకు వ్రాతమూలముగా తెలిపి ఖాతా మార్పునకు కోరవలెనని 1971వ సంవత్సరపు భూమి హక్కుల, పాసుపుస్తకముల చట్టము విధించుచున్నది. మనలో 90 దినములు కాదు, 30 ఏండ్లు గడచినను కోరనివారు ఎందఱో కలరు. దీనికి సోమరితనము మాత్రమే కారణము కాదు. డొంకరాయి నుండి మండల కచేరికి ఘాటురోడ్డున పోయి వచ్చుట కూలి పోగొట్టుకొను పని. అదియును గాక చేతిలో మరణధ్రువపత్రము లేదు. కొండపైన మరణము జరిగినప్పుడు డప్పు మ్రోగును, బంధువులు వత్తురు, దినము చేయుదురు. పంచాయతీ పుస్తకములో పేరెక్కించువాడు లేడు.

మరణము జరిగిన 21 దినములలోగా పంచాయతీ కార్యదర్శికి తెలిపినచో ఖర్చు లేకయే నమోదగును. 30 దినములవఱకు స్వల్పరుసుముతోను, సంవత్సరము లోపల పై యధికారి యనుమతితోను చేయింపవచ్చును. సంవత్సరము దాటినచో పూర్వము మేజిస్ట్రేటు కోర్టునకు పోవలసియుండెను. 2023 అక్టోబరు 1వ తేదీనుండి జిల్లా మేజిస్ట్రేటు గాని, సబ్-డివిజనల్ మేజిస్ట్రేటు గాని, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గాని ఆజ్ఞ ఈయవచ్చునని చట్టము మార్చిరి. తాత చనిపోయి 30 ఏండ్లయినను దారి మూసికొనిపోలేదు. ఆయనను ఎఱిగిన ముసలివారు బ్రతికి యుండగనే, వారి వాంగ్మూలము దొరకుచుండగనే ఈ పని ముగించుకొనవలెను. పిమ్మట కుటుంబసభ్యుల ధ్రువపత్రము, పాత పాసుపుస్తకము, ఆధారుకార్డులు జతచేసి గ్రామ సచివాలయములో దరఖాస్తు ఈయవచ్చును. తహశీల్దారు నోటీసులిచ్చి విచారించి ఖాతా మార్చును.

కుటుంబసభ్యుల ధ్రువపత్రమనగానే ఆడపడుచుల మాట వచ్చును. హిందూ వారసత్వచట్టము 1956లో వచ్చినను, కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప షెడ్యూల్డు తెగలవారికి అది వర్తింపదని దాని 2వ సెక్షనులోనే కలదు. కావున మనకు ఆచారమే చట్టము. ‘మాలో ఆడపిల్లకు భూమిలో పాలు లేదు’ అని పెద్దలు అనుటయు, అంతటితో ఆ మాట ముగియుటయు ఇన్నాళ్లు జరిగినది. 2025 జులై 17వ తేదీన సుప్రీముకోర్టువారు ఛత్తీసుగఢునకు చెందిన గోండు కుటుంబపు వ్యవహారములో దీనిని వేఱువిధముగ తీర్చిరి. ఆడపిల్లకు పాలు కలదనెడి ఆచారమును ఆమె సంతతివారు ఋజువు చేయవలెనని క్రింది కోర్టులు అనగా, అట్లు కాదు, పాలు లేదనెడి ఆచారము ఋజువు కానప్పుడు ఆమెకు సమానముగ పాలు కలదని పై కోర్టు చెప్పెను. గోండులు మనకు దూరపువారు కారు. కాబట్టి చెల్లెలి పేరును ధ్రువపత్రములో దాచి ఖాతా మార్పించుకొనుట నేడు రెండువిధముల తప్పు: అది అబద్ధము, పైగా నిలువదు. ఆమెను పిలిపించి, ఆమెకు ఏమి కావలెనో అడిగి, భూమి గాని దానికి బదులు గాని ఇచ్చి, ఒప్పుదల వ్రాయించుకొనుట మేలు. పై లెక్కలో మేము ప్రక్కన పెట్టిన అక్కచెల్లెండ్రను ఆ రైతు ప్రక్కన పెట్టలేడని దీనివలన తెలియుచున్నది. అతని పాలు 1½ ఎకరము కంటె తక్కువ కావచ్చును.

సభ్యులు పొరబడుచున్న చిన్న సంగతి యొకటి కలదు. సంఘమున వాటాధనమునకు నామినీగా ఎవరి పేరు వ్రాయించిరో వారికే భూమి కూడ వచ్చునని కొందఱు తలంతురు. నామినీ పేరు వాటాసొమ్మునకు సంబంధించినది మాత్రమే. భూమికి దానితో సంబంధము లేదు. పెద్దకొడుకు నామినీ యైనంత మాత్రమున చిన్నవాని పాలు పోదు.

అప్పు విషయమును మఱువరాదు. 1/70 చట్టమున్నను, స్వాధీనము ఈయకుండ సహకార సంఘమునకు గాని బ్యాంకునకు గాని భూమిని తాకట్టుపెట్టుటకు ఆ చట్టములోనే 3-ఎ సెక్షను వీలు కల్పించుచున్నది. బాకీ తీరనిచో ఆ భూమిని షెడ్యూల్డు తెగవారికే వేలము వేయవలెను. అట్లు తాకట్టున్న భూమి కొడుకు పేరికి మారినను అప్పు దానివెంటనే పోవును. బాకీ యెంతయో తెలియకుండ భూమి పుచ్చుకొనిన కొడుకు తరువాత సంఘమువారి మీద కోపగించుట న్యాయము కాదు. తండ్రియు కొడుకును కలసి వచ్చి బాకీ చీటీ చూచుకొని పోవలెను.

వానకారు అప్పుల కొఱకు వచ్చునప్పుడు సభ్యులు తమ పాసుపుస్తకమును, అటవీహక్కుపత్రమును, డి-పట్టా యున్నచో దానిని వెంట తెత్తురు గాక. ఏ కాగితము ఎవరి పేర నున్నదో, అందులో జీవించి యున్నవారెవరో, లేనివారెవరో కార్యదర్శితో చదివించుకొని, లేనివారి పేర మరణధ్రువపత్రము కలదో లేదో ఆ పత్రము వెనుకనే పెన్సిలుతో వ్రాయించుకొని పోవలెను.